మా డ్రైవరన్న బర్గర్ పథ్యం

మొన్న పెన్షన్ పని మీద డిపోకి వెళ్తే, కొత్తగా చేరిన కండక్టర్ పిల్లలు క్యాంటీన్‌లో నన్ను చుట్టుముట్టారు. "అక్కా, ఊరంతా మిరపకాయ బజ్జీలు తింటంటే మన క్యాంటీన్‌లో ఈ అలసందల బర్గరేంది? ఎవరు పెట్టించారు?" అని ఒకమ్మాయి అడిగింది. "అదో పెద్ద కథలేమ్మా" అని టీ తాగి వచ్చేశాను. ఇంటికొచ్చాక మనసు ఊరుకోలేదు. అడిగినప్పుడు చెప్పకుండా, అడగనప్పుడు చెప్పబోతే వినేవాళ్లెవరు? అందుకే రాస్తున్నాను. పేర్లు రాయను. డిపో ఏదో కూడా రాయను, పల్నాడులోదని మాత్రం తెలిస్తే చాలు. ఆ బర్గర్ వెనక ఒక మనిషి స్టీరింగ్ ఉంది. అది ఆయన చేతిలో ఉంటుందా పోతుందా అని ఆయనా, వాళ్లావిడా, నేనూ ముగ్గురం కొన్ని నెలలపాటు ప్రాణాలు ఉగ్గబట్టుకుని బతికాం.

ఆ మనిషి మా డ్రైవరన్న. నరసరావుపేట నుంచి పిడుగురాళ్ల, గురజాల మీదుగా మాచర్ల వెళ్లే బండి మీద మాది ఏళ్ల తరబడి జోడీ. ఆయనది పేటలో కిరాణా కొట్లున్న షావుకార్ల కుటుంబం. అన్నదమ్ములంతా కాటా పట్టుకుంటే ఈయనొక్కడే స్టీరింగ్ పట్టుకున్నాడు. "కొట్లో కూర్చుంటే నాకు కాళ్లు తిమ్మిరెక్కేయి చెల్లే, బండెక్కితే దిగిపోయేయి" అనేవాడు. నేను బొల్లాపల్లి వైపు మెట్టచేలల్లో పుట్టిన క్రైస్తవుల పిల్లని. ఆయన నీచు వాసన పడని మనిషి, నేనేమో ఆదివారం కూర లేకపోతే ఆరాధన పూర్తి కాలేదనుకునే మనిషిని. అయినా ఏ రోజూ మా మధ్య తేడా రాలేదు. డ్రైవరూ కండక్టరూ అంటే సగం సంసారమే. ఆయన బ్రేకు తొక్కిన తీరును బట్టి ఇంట్లో వదినతో గొడవైందో లేదో నేను చెప్పేదాన్ని. నేను బెల్లు కొట్టిన తీరును బట్టి వెనకాల చిల్లర తగువు ఎంతదాకా వచ్చిందో ఆయన చెప్పేవాడు.

తోలడంలో మాత్రం ఆయనకు ఆయనే సాటి. నిద్రపోతున్న బిడ్డను ఒక మంచం మీంచి ఇంకో మంచం మీదకు మార్చినంత మెల్లగా మలుపు తిప్పేవాడు. ఎవరైనా ముసలమ్మ మూట నెత్తిన పెట్టుకుని పరిగెత్తుకొస్తుంటే అద్దంలో చూసి ఆపేవాడు. "నువ్వు బెల్లు కొట్టినా నేను కదలను, ఆమె ఎక్కాలి" అనేవాడు. నేను తిట్టుకునేదాన్ని, ఆయన నవ్వేవాడు.

అలాంటి మనిషికి సుగర్ వచ్చింది. అందులో వింతేమీ లేదు. ఎండలో ఇంజను పక్కన కూర్చుని, వేళకు తినక, నిద్రలేక బతికే డ్రైవర్లలో సుగరో బీపీయో లేనివాడు దొరకడం కష్టం. ఏటా జరిగే పరీక్షలో డాక్టరు మందులు రాసి, "అన్నం తగ్గించండి" అన్నాడట. మా అన్న తగ్గించలేదు. పూర్తిగా మానేశాడు.

ఇక్కడ మన జనం సంగతి ఒకటి చెప్పాలి. మనకు అన్నం ఒక్కటే తిండి. మిగిలిందంతా టిఫిను. శనివారం ఒక్కపొద్దని చెప్పి, రాత్రికి ఇడ్లీ తిని, పెసరట్టు తిని, ఉప్మా కూడా కాస్త రుచి చూసి, "పొద్దుట్నించీ ఏం తిన్లేదు" అని నిట్టూర్చే భక్తులు మన ఇళ్లలో ఎంతమంది లేరు? మెతుకు ముట్టకపోతే ఉపవాసమే. మా అన్న లెక్క కూడా అదే. అన్నం మానేశాను కాబట్టి పథ్యంలో ఉన్నాను, పథ్యంలో ఉన్నాను కాబట్టి మిగతావి ఎన్ని తిన్నా పర్వాలేదు.

మరి ఏం తినేవాడంటే, వెజ్ బర్గర్.

పేట బస్టాండు దగ్గర కాలేజీ పిల్లలు మూగే బేకరీ ఒకటుంది. పిల్లలు కాగితంలో చుట్టిన బర్గర్లు పట్టుకుని మా బస్సెక్కేవాళ్లు. ఆయన కన్ను వాటి మీద పడింది. ఒకరోజు తనూ ఒకటి తెచ్చుకుని, స్టీరింగ్ ముందు కూర్చుని, కాగితం విప్పి నాకు చూపించాడు.

"చూడు చెల్లే. అన్నం లేదు. మాంసం లేదు. గుడ్డు కూడా లేదంట, అడిగా. ఇదిగో పచ్చాకు, ఇదిగో టమాటా, కీరా. అంతా కూరగాయలే. ఇంతకంటే పథ్యం ఏముండిద్ది?"

"ఆ మధ్యలో ఉందేందన్నా, ఎర్రగా వేగి?"

"అదీ కూరగాయేలే. ఆలుగడ్డ."

నేను నవ్వేశాను. ఆయన మొహంలో ఆ సంతోషం చూస్తే ఎవరికైనా నవ్వే వస్తుంది. పైగా ఆయన చెప్పిన దాంట్లో ఒక సబబు కూడా ఉంది. మాచర్లలో బండి తిరిగి బయల్దేరేలోపు వదిన కట్టిచ్చిన క్యారేజీ విప్పాలంటే కుళాయి వెతకాలి, చెయ్యి కడగాలి, నీడ చూసుకుని కూర్చోవాలి, తిన్నాక గిన్నెలు కడగాలి. అంతలో జనం ఎక్కేసి "ఇంకా కదలవేందయ్యా?" అని కేకలేస్తారు. బర్గరుకు ఆ బాధ లేదు. సీట్లోంచి లేవకుండా, కాగితం పట్టుకుని తినేయొచ్చు. డ్రైవరు బతుక్కి దానికంటే అనువైన తిండి లేదు.

అలా రోజూ మధ్యాహ్నం బర్గరు. తిరుగు ప్రయాణంలో ఆకలేస్తే ఇంకోటి. వదిన కట్టిన క్యారేజీ మాత్రం డిపో గేటు దగ్గరి కుక్కల పాలయ్యేది. ఆయన ప్రచారం విని ఇంకో ఇద్దరు డ్రైవర్లు కూడా ఆ పథ్యం మొదలుపెట్టారు. "కూరగాయలు తినండ్రా" అని వాళ్లకు బోధ ఒకటి.

ఎండలు ముదిరాయి. ఆయన సీసాల కొద్దీ నీళ్లు తాగడం మొదలుపెట్టాడు. పిడుగురాళ్లలో దిగేవాడు, గురజాలలో దిగేవాడు. నేను అడిగితే "ఎండలమ్మా" అనేవాడు. మనిషి చిక్కుతుంటే "చూశావా, పథ్యం పనిచేస్తంది" అని బెల్టు ఒక బెజ్జం లోపలికి బిగించి చూపించేవాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మనవాళ్లు ఊరికే అన్నారా!

ఇక ఆ రోజు. మిరపకాయల కాలం. గురజాల దాటాక రోడ్డుకు రెండు పక్కలా కళ్లాల్లో కాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ఆ ఘాటుకి బస్సులో సగంమంది తుమ్ముతున్నారు. నేను వెనకాల మిషన్‌తో టికెట్లు కొడుతున్నాను. ఉన్నట్టుండి బండి నెమ్మదించింది. స్టాపు కాదు, చెయ్యెత్తిన మనిషి లేడు. రోడ్డు పక్క మట్టి మీదకు దిగి, అంగుళం కుదుపు లేకుండా ఆగిపోయింది.

నేను ముందుకెళ్లాను. ఆయన రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. చెమటలు కారుతున్నాయి.

"చెల్లే, ఎదురొచ్చే లారీ ఒకటా రెండా?"

ఎదురుగా మిరపకాయ బస్తాల లారీ ఒక్కటే వస్తోంది. 

"ఒకటే అన్నా."

"నాకు రెండు కనపడతన్నాయ్. మసగ్గా ఉంది. నేను తోలను." ఇంజను ఆపేసి, తాళం తీసి నా చేతిలో పెట్టాడు. "నేను మళ్లీ అడిగినా ఇయ్యబాక."

బస్సు నిండా జనం. ఎవరికేం తెలుసు, కేకలు మొదలయ్యాయి. "ఏందయ్యా నడిరోడ్డున ఆపితివి?" అని ఒకామె. "తాగొచ్చాడేమో, మొహం చూడు" అని వెనక సీట్లోంచి ఒక తెల్లచొక్కా. ఆ మాటతో నాకు ఒళ్లు మండిపోయింది. నాకసలే నోరెక్కువ.

"ఎవరయ్యా ఆ మాటన్నది? లెగు, పైకి లేచి అను! జీవితంలో చుక్క ముట్టని మనిషి. కళ్లు తిరుగుతుంటే మీ ప్రాణాలకు భయపడి బండి ఆపాడు. ఆపకుండా తోలుంటే ఈపాటికి నువ్వు ఏ కాలవలో ఉండేవాడివో! దణ్ణం పెట్టాల్సింది పోయి తాగుబోతంటావా?"

తెల్లచొక్కా కిటికీ వైపు తిరిగాడు. ముందు సీట్లో ఉన్న ఒక ముసలమ్మ లేచి వచ్చి, తన చీర కొంగుతో ఆయన మెడ మీద చెమట తుడిచింది. "మా ఇంట్లో కూడా ఉందిలే నాయనా ఈ మాయదారి జబ్బు. దిగు, నీడన కూకో" అంది. ఆయన దిగి తుమ్మచెట్టు కింద కూర్చున్నాడు. వెనకాల వచ్చిన బస్సులో జనాన్ని ఎక్కించి, డిపోకి ఫోన్ చేసి, ఆయన పక్కనే నిలబడ్డాను. "చెల్లే, నా స్టీరింగ్ పోయింది" అన్నాడాయన. ఆ ఒక్క మాటే.  నేను నీళ్ల సీసా ఆయన చేతిలో పెట్టాను.

మా ఆర్టీసీ డిస్పెన్సరీలో డాక్టరమ్మ రక్తం చూసి తల పట్టుకుంది. ఇంత సుగర్‌తో బస్సు తోలుతున్నారా అని కేకలేసింది. పక్కనే వదిన నిలబడి ఉంది. తర్వాత డాక్టరమ్మే మెల్లగా అడిగింది, "మధ్యాహ్నం ఏం తింటారు?"

ఇంత జరిగాక కూడా ఆయన గొంతులో గర్వం చూడండి. "అన్నం ముట్టనండీ. వెజ్ బర్గరండీ."

డాక్టరమ్మ నవ్వలేదు. "దాన్ని ఎప్పుడైనా విప్పి చూశారా?" అంది. "పైనా కిందా మైదా బన్ను. మధ్యలో మైదా పూత పూసి, నూనెలో ముంచి వేయించిన ఆలుగడ్డ. తెల్లగా పూసింది సగం నూనె. ఎర్రగా పూసిన సాసులో చక్కెర. ఇక కూరగాయంటే ఆ ఒక్క ఆకు. అన్నం తింటే పప్పు, కూర అయినా లోపలికి పోయేవి. మీరు అవీ మానేశారు."

వదిన ఆయన వంక కాదు, నా వంక చూసింది. "ఏమే, ఇన్నాళ్లూ ఇవి తింటంటే నువ్వు చూస్తా కూకున్నావా? నేను తెల్లారగట్ట లేచి కట్టిన క్యారేజీ ఎవరికి పెట్టాడు?" కుక్కలకని చెప్పే ధైర్యం మా ఇద్దరికీ లేకపోయింది.

డాక్టరమ్మ మందులు మార్చింది. స్టీరింగ్ మీదకు అప్పుడే పంపేది లేదని రాసింది. కొన్ని నెలల తర్వాత పెద్దాసుపత్రిలో మళ్లీ పరీక్ష ఉంటుంది, అందులో నెగ్గితే బండి, లేకపోతే లేదు. లేవబోతుంటే ఆయన చిన్నపిల్లాడిలా అడిగాడు, "అయితే ఇంక బర్గర్ తినకూడదా అండీ?"

ఆమెకు జాలేసింది. "తినండి. ఇంట్లో చేసుకుని తినండి. పప్పుగింజలతో చేయండి, కూరగాయలు ఎక్కువ వేయండి, నూనెలో వేయించకుండా పెనం మీద కాల్చండి. చిన్న బన్ను, గోధుమదైతే మేలు. ఒక్కటే. మందులు మానకూడదు, నడక మానకూడదు" అంది. ఆ మాటలు నేను మనసులో రాసుకున్నాను.

ఆయన్ని గేటు దగ్గర కుర్చీలో వేశారు. వచ్చే బళ్లు, పోయే బళ్లు చూసే పని. నిన్నటిదాకా తన వెనకాల తోలడం నేర్చుకున్న కుర్రాళ్లు హారన్ కొట్టి నమస్కారం పెట్టి వెళుతుంటే, ఆయన చెయ్యెత్తి టైర్ల వంక చూసేవాడు. మొహం వంక చూసేవాడు కాదు. నాకు కొత్త డ్రైవర్ని వేశారు. మంచివాడే, కానీ మలుపుల్లో నన్ను కడ్డీలకేసి కొట్టేవాడు. ప్రతి దెబ్బకీ మా అన్న గుర్తొచ్చేవాడు.

అప్పటికి మాకు శ్రమ దినాలు మొదలయ్యాయి. ఈస్టరు దాకా నేను మాంసం ముట్టను. ఆదివారం ఆరాధన అయ్యాక, నానబెట్టిన అలసందల గిన్నె పట్టుకుని నేరుగా వాళ్లింటికి వెళ్లాను. వాళ్ల వంటింటి గడప దగ్గర ఆగిపోయాను. మడీ ఆచారం ఉన్న ఇల్లు, నేనేమో అన్నీ తినేదాన్ని. ఇన్నేళ్లలో వసారా దాటి లోపలికి వెళ్లింది లేదు. వదిన వెనక్కి తిరిగి చూసింది.

"ఏంది, గడపలో నిలబడి చేస్తావా వంట? లోపలికి రా. నా మొగుడి కళ్ల కంటే నాకు మడి ఎక్కువా?"

లోపలికి వెళ్లాను. ఆ ఒక్క మాటకి ఆమె కాళ్లు మొక్కొచ్చు. నేను మొక్కలేదు గానీ, ఆ రోజు నుంచి ఆమె ఎన్ని తిట్టినా నాకు కోపం రాలేదు.

మొదటిసారి మేం చేసిన ఘనకార్యం వినండి. అలసందలు రుబ్బాం. అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉల్లిపాయ వేశాం, క్యారెట్ తురిమి కలిపాం. వదిన ముద్ద తీసుకుని, తడి చేతిలో వేసి తట్టి పెనం మీద వేస్తోంది. నేను బన్నులు కోస్తూ తలెత్తి చూద్దును కదా, పెనం మీద ఉన్న ప్రతిదానికీ మధ్యలో చిల్లు!

"వదినా, ఈ చిల్లేంది?"

ఆమె తన వేలి వంక తనే చూసుకుంది. "ఓసి నీ! నేను పెట్టలా. అదే పెట్టుకుంది!" పెళ్లైన నాటి నుంచీ ప్రతి పండక్కీ, ప్రతి తద్దినానికీ గారెలు తట్టిన చెయ్యి అది. పిండి అరచేతిలో పడితే వేలు ఆగుతుందా? ఇద్దరం పొయ్యి పక్కన కూలబడి, కళ్లమ్మట నీళ్లొచ్చేలా నవ్వాం. ఆ జబ్బు వచ్చినప్పటి నుంచీ ఆ ఇంట్లో నవ్వు వినపడటం అదే మొదలని ఆమే అంది. ఇంకో ముద్ద తీసుకుంది, మళ్లీ చిల్లే. చివరికి నేను ఆమె వేలికి గుడ్డపీలిక కట్టాను.

బర్గరు చేసి ఆయనకిస్తే, ఒక ముక్క కొరికి నిజాయితీగా చెప్పాడు. "గారెను బన్నులో పెట్టుకుని తిన్నట్టుంది చెల్లే. గారెని గారెగా ఇస్తే పోయేదిగా!"

ఆయన అన్నది నిజమే. గారెల పిండిలా రుబ్బితే గారె రుచే వస్తుంది. రెండోసారి అలసందలు ఉడకబెట్టి, నీళ్లన్నీ వంచి, పొడిపొడిగా మెదిపాం. బీట్‌రూట్, క్యారెట్ తురుము, సన్నగా తరిగిన తోటకూర వేశాం. పెనం మీద వేస్తే విడిపోయి పొరటులాగా అయింది. "మా ఇంట్లో అయితే గుడ్డు కొట్టి కలుపుతాం" అన్నాను నోరు జారి. వదిన చూసిన చూపుకి అలసందలు ఇంకోసారి ఉడికేవి. "లోపలికి రమ్మన్నానని కోడిని కూడా వెంటేసుకొస్తావా!" అంది. అప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. మా మెట్ట ఊళ్లల్లో ఏది అతుక్కోకపోయినా జొన్నపిండే దిక్కు. కాస్త వేయించిన జొన్నపిండి కలిపి, కూరగాయల తురుము గుడ్డలో పిండి నీళ్లు తీసేసి వేస్తే, ముద్ద ముద్దలా నిలబడింది. మెల్లటి సెగ మీద రెండు వైపులా కాల్చాం. పైన తెల్ల పూతకు బదులు, గట్టి పెరుగులో ఆవపొడి, కొత్తిమీర కలిపి పూశాం. చక్రాలుగా కోసిన ఉల్లిపాయ, టమాటా, దోసకాయ పెట్టాం.

బన్ను దగ్గర పేచీ వచ్చింది. నేను చిన్న జొన్నరొట్టెలు చేస్తానన్నాను. "బన్ను లేనిదే బర్గరేంది? రొట్టె అని చెప్పు, మానేస్తా" అని ఆయన మొరాయించాడు. అదే బేకరీకి వెళ్లాను. లోపల బన్నులు చేసే మాస్టరు మంచి మనిషి. సంగతంతా విని, "గోధుమపిండివి ఎవరూ అడగరమ్మా, అందుకే చెయ్యం. మీకు కావాలంటే చిన్నవి చేసిస్తా. మెత్తగా రావు, ముందే చెప్తన్నా" అన్నాడు. మెత్తగా రాలేదు. మొదట్లో దవడలు నొప్పి పుట్టాయి. అయినా మా అన్న నమిలాడు. కాగితంలో చుట్టి ఇస్తే గేటు దగ్గర కుర్చీలో కూర్చుని నమిలేవాడు.

పిల్లలూ, మీకు చెప్పేది ఇదే. బోర్డు మీద "వెజ్" అని రాస్తే అందులో మాంసం లేదని అర్థం, అంతే. మంచిదని అర్థం కాదు. ఏం తింటున్నారో విప్పి చూడండి. లోపల గింజలున్నాయా, కూరగాయలున్నాయా, వేయించారా కాల్చారా అని అడగండి. అడిగితే ఎవరూ కొట్టరు. ఇక సుగర్ ఉన్నవాళ్లు ఏ బర్గరునూ నమ్ముకుని మాత్రలు మానకండి. మేం చేసింది మందు కాదు, మందుకు అడ్డం రాని తిండి. ఇంతకంటే ఉపన్యాసం ఇవ్వను, మా అన్న బోధ ఎటు పోయిందో చూశారుగా.

ఆయన మొండివాడు. తెల్లారకముందే లేచి డిపో చుట్టూ నడిచేవాడు. పెళ్లిళ్లలో లడ్డూ పెడితే పక్కవాడి విస్తట్లోకి తోసేవాడు. గేటు దగ్గర ఆయన తినే బర్గర్ చూసి డ్రైవర్లు ఒక్కో ముక్క అడిగేవాళ్లు. వదిన ఎక్కువ చేసి పంపడం మొదలుపెట్టింది. తర్వాత క్యాంటీన్ వంటమనిషే వచ్చి నేర్చుకుని వెళ్లాడు. చిల్లు పెట్టొద్దని వదిన అతనికి మరీ మరీ చెప్పి పంపింది. పాత పథ్యం పట్టిన ఆ ఇద్దరు డ్రైవర్లు కూడా ఇటే వచ్చారు. నెలనెలా రక్తపరీక్షలో సుగర్ దిగుతూ వచ్చింది. ఆయన మొహం తేటపడింది. ఒకరోజు హారన్ కొట్టి వెళ్లే కుర్రాణ్ని ఆపి, "క్లచ్ మీద కాలేసి తోలతన్నావ్, తియ్" అని కేకేశాడు. మా పాత డ్రైవరు తిరిగొచ్చాడని ఆ సాయంత్రమే వెళ్లి వదినకు చెప్పాను.

పరీక్ష రోజు వానలు పడుతున్నాయి. నేను సెలవు పెట్టి వాళ్లతో పెద్దాసుపత్రికి వెళ్లాను. రక్తం, మూత్రం, గుండె, అన్నీ చూశారు. పెద్ద డాక్టరు కాగితం చూసి, "చాలా బాగా కంట్రోల్ చేశారే! ఏం చేశారు?" అన్నాడు. ఆయన వదిన వైపు, నా వైపు చేయి చూపించాడు. వదిన మొహం చాటంత అయింది. నేను మనసులోనే స్తోత్రం చెప్పుకున్నాను.

ఆ తర్వాత కళ్ల గదికి పంపారు. బయట బల్ల మీద మేమిద్దరం కూర్చున్నాం. లోపల చాలాసేపు పట్టింది. చివరికి మమ్మల్నీ పిలిచారు. కళ్ల డాక్టరు చిన్న వయసువాడు, మాటలు వెతుక్కుంటున్నాడు. బయటపడకుండా ఏళ్ల తరబడి లోపలే ఉన్న సుగర్ కంటి వెనక రక్తనాళాలను తిన్నదట. ఇప్పుడు అది ఆగింది. చికిత్స చేస్తే ఉన్న చూపు నిలుస్తుంది. కానీ పోయింది తిరిగి రాదు. బస్సు తోలే చూపు కాదు.

వదినకు కోపం వచ్చింది. "అదేందయ్యా! సుగర్ దిగిందన్నారుగా? ఇన్నాళ్లు మేం చేసిందంతా ఎందుకూ కొరగాకుండా పోయిందా?"

"లేదమ్మా" అన్నాడు ఆ అబ్బాయి. "మీరు అది చెయ్యకుండా ఉంటే, ఇవాళ ఈయన్ని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చేవాళ్లు."

 ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కాగితం ఇవ్వడానికి మధ్యాహ్నం డిపోకి వచ్చాం. ఆఫీసులో ఇచ్చి బయటకు వస్తే, గ్యారేజీ పక్కన మా పాత బండి ఆగి ఉంది. ఆయన మమ్మల్ని అడగకుండానే అటు నడిచాడు. తలుపు తీసి, ఎక్కి, తన సీట్లో కూర్చున్నాడు. అద్దం సరిచేసుకున్నాడు. నేను వెనక తలుపులోంచి ఎక్కి, ఎప్పుడూ నిలబడే చోటే నిలబడ్డాను. కాళ్లే తీసుకెళ్లాయి. వదిన గొడుగు పట్టుకుని కింద నిలబడింది.

"చెల్లే, రైట్ చెప్పు."

"తాళం లేదుగా అన్నా."

"తెలుసులే. చెప్పు."

నేను అలవాటుగా టికెట్ సంచీ కోసం భుజాన వెతుక్కున్నాను, సెలవు రోజున అదెక్కడుంది? కింద నుంచి వదినే అంది, "చెప్పవే, అడుగుతన్నాడుగా."

"రైట్... రైట్" అన్నాను.

ఆయన క్లచ్ తొక్కి మొదటి గేరు వేశాడు. బండి కదలదని ఆయనకూ తెలుసు. అలాగే కాసేపు ముందుకు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత గేరు తీసేసి, అరచేత్తో స్టీరింగ్ చుట్టూ ఒకసారి నిమిరి, మెట్టు కోసం కాలితో తడుముకుంటూ దిగాడు.

"పదండి, పొద్దుట్నించీ ఏం తిన్లేదు" అన్నాడు.

గేటు బయట స్టాపులో నిలబడి, వదిన సంచిలోంచి కాగితాలు విప్పింది. ముగ్గురం నిలబడే తిన్నాం. వాన తెరపిచ్చింది. "ఉప్పు తక్కువైందే" అన్నాడాయన. "నీకంతే ఉప్పు" అంది వదిన. దూరంగా మలుపు తిరిగి ఒక బస్సు వస్తోంది. ఆయన చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని దాని వంక చూశాడు, చూసి చూసి చెయ్యి దించేశాడు.

"ఆ వచ్చేది ఏ ఊరి బండి చెల్లే?" అన్నాడు. "బోర్డు చదువు."

చదివాను.